పెనం మీద ఆముదం చుక్క

పోయిన వారం లేవిని చేతిలో నూనె కడ్డీతో, నోట మాట లేకుండా నిలబెట్టి వదిలేశాం. పాపం, పత్రిక మళ్లీ మీ చేతికి వచ్చేదాకా ఏడు రోజులూ అట్లాగే నిలబడ్డాడు. ముందు ఆయన్ను ఒక పీట మీద కూర్చోబెట్టి తర్వాత కథలోకి పోదాం.

కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు మాటలు. లేవి యుద్ధకాలంలో పటాలం వర్క్‌షాపులో మోటార్ల పని నేర్చుకుని వచ్చినవాడు. కర్నూలు నుంచి నంద్యాల పోయే దోవలో రేకుల షెడ్డు వేసుకుని బస్సులూ లారీలూ బాగుచేస్తాడు. రాజధాని కర్నూలుకు వచ్చి ఆఫీసులు గుడారాల్లో దిగాక జీపుల పని కూడా తగిలింది. షెడ్డుకు ఆనుకునే ఇల్లు. రెంటికీ మధ్య ఒక తడిక. తడికకు అవతల భార్య రత్నమణి వంట చేస్తుంటే ఇవతల ఇంజన్లు పొగ వదులుతుంటాయి. ఏ వాసన ఎవరిదో ఆ ఇద్దరికే తెలుసు.

పది నెలల కిందట ఓబుళరెడ్డి ఈ షెడ్డుకు ఒక కారును ఎద్దులతో లాగించుకొచ్చాడు. ఇరవై ఏళ్ల నాటి ఇంగ్లండు కారు. ఎవరో పెద్దవాళ్ల గుర్రపుశాలలో గడ్డి కింద పడి ఉంటే కొన్నాడు. దాని ఇంజనుకు ఒక ప్రత్యేకత ఉంది. మామూలు ఇంజను తనకు కావలసిన గాలి తానే పీల్చుకుంటుంది. దీనికి మాత్రం గాలిని బలవంతంగా లోపలికి ఊదే సాధనం ఒకటి ముందు భాగంలో బిగించారు. పుస్తకంలో దాని పేరు సూపర్‌చార్జర్. లేవి దానికి పెట్టిన పేరు తిత్తి. కొలిమిలో తిత్తి ఊదితే నిప్పు ఎట్లా రేగుతుందో ఆ ఇంజను అట్లా రేగుతుంది. మద్రాసు దగ్గర పాత విమాన మైదానంలో కార్ల పందెం. దానికి ఓబుళరెడ్డి పేరు ఇచ్చాడు, తానే తోలతానని. పందేనికి ఇంక పదకొండు రోజులుంది.

ఉగాదికి కారును ఊరికి తీసుకుపోయి ఇంటి ముందర పూజ చేయించి, మర్నాడు పొద్దున్నే తిరిగి తెచ్చాడు. పది మైళ్ల దోవ. షెడ్డు ముందర ఆగేసరికి ఇంజను లోపల ఎవరో రోకలి వేస్తున్నట్టు చప్పుడు. లేవి పరుగున వచ్చి ఇంజను ఆపించి, నూనె ఎంతుందో చూసే కడ్డీ బయటికి లాగాడు. నిన్న తేనెలాగా తేటగా ఉన్న నూనె ఈరోజు తెల్లటి నురగ కట్టి మజ్జిగలాగా ఉంది.

అక్కడ ఆపాం. ఇంక చదవండి.

*

"ఏమప్పా లేవీ, ఏమైంది? చెప్పు," అన్నాడు ఓబుళరెడ్డి.

లేవి కడ్డీ కొసన ఉన్న నూనెను బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి రుద్దాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ రుద్దాడు.

"దీంట్లో ఆముదం పడిండాది రెడ్డీ."

"ఆముదమా? యాడనుంచి వచ్చె?"

"అదే నేనడుగుతాండా. నిన్న నా షెడ్డులోనుంచి పోయినప్పుడు నూనె తేటగా ఉండె. నువ్వూ చూసినావు."

ఓబుళరెడ్డి ముఖం కొంచెం ముడుచుకుంది. మంచివాడే. మద్రాసులో బి.ఎ. చదివినవాడు, లేవి పక్కన నేల మీద కూర్చుని పానాలు అందించేవాడు. అయినా రెడ్డిగారి బిడ్డే గదా, అనుమానం రావడానికి ఎంతసేపు. "ఆముదం పోద్దాం అని నువ్వే గదా మొదట్లో అన్న్యావు," అన్నాడు మెల్లగా.

నిజమే, లేవి ఆ మాట అన్నాడు. ఆ నూనె ముచ్చట కొంచెం చెప్పకపోతే మీకు ఈ గొడవ అర్థం కాదు.

నూనె అంటే ఏముంది, జిడ్డుగా ఉంటే చాలదా అనుకునేవాళ్లు ఉంటారు. బస్టాండు దగ్గర మోటారు సామాన్ల అంగడి శ్రీనివాసులు ఆ రకం. "లారీకి పోసేదే దీనికీ పొయ్యి, లారీ కంటే పెద్దదా ఇది?" అన్నాడు. లేవి ఆయనతో ఒక పూటంతా వాదించాడు. లారీ ఇంజను కూలికి పోయే ఎద్దులాంటిది, తన నడక తాను నడుస్తుంది. ఈ తిత్తి ఇంజను అట్లా కాదు. గాలి ఎక్కువ తాగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల మంట ఎక్కువ. ఆ వేడికి పలచటి నూనె బేరింగుల దగ్గర నిలవకుండా పారిపోతుంది. పోనీ అని బాగా చిక్కనిది పోస్తే, సన్నటి దారుల్లో దూరి రావలసిన వేళకు రాదు. పారిపోనిదీ కావాలి, వేళకు వచ్చేదీ కావాలి. ఇంట్లోకి అల్లుణ్ణి వెతికినట్టే ఉంది వ్యవహారం.

పందెం కార్లకు ఆముదం పోస్తారని పుస్తకంలో ఉంది. ఎంత వేడికైనా ఆముదం ఇనుమును విడిచిపెట్టదు. అయితే ఒక చిక్కు. పరుగు అయిపోయాక లోపలే వదిలేస్తే బంక కడుతుంది. ప్రతి పరుగుకూ తీసి కడగాలి. అందుకని లేవి బాగా ఆలోచించి, మద్రాసు నుంచి వచ్చిన ఒక మాదిరి చిక్కటి ఖనిజ నూనె రెండు డబ్బాలు చాలనుకున్నాడు. ఊరిలో ఓబుళరెడ్డి ఇంటి వసారాలో కూర్చుని ఆ మాట చెబుతూ, రెండు హెచ్చరికలు కూడా చేశాడు. నూనెలో నీళ్లు పడకూడదు, నీళ్లు పడితే విషమే. రెండోది, ఆముదాన్నీ ఖనిజ నూనెనూ ఎప్పుడూ కలపకూడదు.

"ఈ రెండూ ఒక పంక్తిలో కూర్చునేవి కాదు రెడ్డీ," అన్నాడు, "మన ఊర్లో మాదిరే."

ఓబుళరెడ్డి గట్టిగా నవ్వి, నవ్వు సగంలో ఆపుకున్నాడు. లేవి వసారా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, తాను కుర్చీలో ఉన్నాడు.

అదంతా పది రోజుల కిందటి మాట. ఇప్పుడు ఆ రెండు నూనెలూ ఒకే కడుపులో పడి కొట్టుకుంటున్నాయి.

*

"నేను పోసింటే నీకు చెప్పే పోస్తా," అన్నాడు లేవి. గొంతు పెంచలేదు. "ఎవరు పోసిరో ఇప్పుడే తెలుస్తాది. రత్నమ్మా, పెనం ఇట్ల తే."

తడిక అవతలనుంచి రత్నమణి తొంగిచూసింది. "రొట్టెలు కాల్చే పెనమా?"

"అదే."

"దాని మీద ఏం పొయ్యాల్నో?"

"ఒక్క చుక్క."

"మీ చుక్కలు నాకు తెల్దా. పోయిన్సారి చుక్కకు మూడు దినాలు కిరసనాయిలు వాసనతో జొన్నరొట్టెలు తిన్న్యాం," అంటూనే తెచ్చి ఇచ్చింది. అట్లా సణుగుతూ ఇవ్వడం ఆమెకు అలవాటు. ఇవ్వకుండా ఉండటం అలవాటు లేదు.

పొయ్యి మీద పెనం బాగా కాలాక లేవి కడ్డీ కొస నుంచి ఒక చుక్క వదిలాడు. చుక్క పడీ పడగానే చిటపటమని ఎగిరింది. ఇంకో చుక్క వేశాడు. అదీ అంతే. షెడ్డంతా వేయించిన ఆముదాల వాసన కమ్ముకుంది.

"చూసినావా రెడ్డీ. చిటపటమంటే నీళ్లుండాయని. వాసన చూడు. అంగట్లో గానుగ ఆముదానికి ఈ వాసన రాదు. ఇది ఇండ్లల్లో వండేది."

మన సీమలో ఇది తెలియనివాళ్లు లేరు. గానుగలో ఆడించింది గానుగాముదం. వంటాముదం వేరు. గింజలు వేయించి, దంచి, ఆ ముద్దను నీళ్లలో ఉడకబెడితే నూనె పైకి తేలుతుంది. తేలినదాన్ని గరిటెతో తీసుకుని మళ్లీ పొయ్యి మీద పెట్టి, లోపలున్న నీళ్లన్నీ ఇగిరిపోయేదాకా కాయాలి. తలకు పెట్టుకోవడానికైనా, బిడ్డలకు తాగించడానికైనా అదే. ఆఖరి కాపు సరిగ్గా కాయకపోతే నీళ్లు లోపలే ఉండిపోతాయి.

ఓబుళరెడ్డి చాలాసేపు పెనం వైపే చూశాడు. ఉన్నట్టుండి తల పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"మాయమ్మ! లేవీ, మాయమ్మ పోసింటాది!"

"అమ్మా?"

"మా ఇంట్లోంచి ఏ బండి దూరం పోవాలన్నా ఇంటి ఆడమనిషి తన చేత్తో ఇరుసుకు ఆముదం కందెన పెట్టాల. అహోబిలం తిరునాళ్లకు పోయినా, శ్రీశైలం పోయినా అంతే. మా జేజి పెట్టేది, ఇప్పుడు అమ్మ పెడతాది. ఈ కారు మద్రాసుకు పోతాదని విన్న్యాది గదా. ఇరుసు యాడుందో తెల్దు, మూత కనబడిన కాడ పోసేసింటాది!"

లేవికి కూడా నవ్వొచ్చింది. పది నెలల చాకిరి మజ్జిగ అయి కూర్చుంటే నవ్వు రావడం ఏమిటని అడగకండి. దొంగ ఎవరో తెలియకపోవడం కంటే, దొంగ అమ్మ కావడం నయం కదా. రత్నమణి కూడా తడిక అవతల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నవ్వులు ఆగకముందే, తెల్లవారకముందే ఊరిలో కట్టిన గూడుబండి ఒకటి షెడ్డు ముందర వచ్చి నిలబడింది. అందులోనుంచి ఓబుళరెడ్డి తల్లి వెంకటలక్ష్మమ్మ దిగింది.

*

యాభై దాటిన మనిషి. ముతక నూలు చీర, వట్టి నుదురు. ఇరవై రెండేళ్లుగా రెండు వందల ఎకరాల సేద్యం ఒంటిచేత్తో నడిపిస్తున్న ఇల్లాలు. ఆమె మాట ఊరిలో ఎవరూ జవదాటరు, కొడుకు తప్ప. లేవి ఆ ఇంటికి ఎన్నోసార్లు పోయాడు గానీ ఆమె ఈ షెడ్డులో కాలు పెట్టడం ఇదే మొదలు.

"ఏమైందో చూసిపోదామని వచ్చినా," అంది.

"ఏం కాలేదులేమ్మా, నీ కందెన శానా బాగా పనిచేసె!" అని ఓబుళరెడ్డి నవ్వుతూనే జరిగిందంతా చెప్పాడు. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. అంతా విని, "ఇప్పుడు బండి పనికిరాదా?" అని మాత్రం అడిగింది.

"అది లేవి విప్పి చూడాల. నేను రాజధానికి పోయి మద్రాసుకు టెలిఫోను చేసొస్తా. ఇంకో రెండు డబ్బాల నూనె దొరుకుతాదేమో అడగాల," అని ఓబుళరెడ్డి పక్కన ఉన్న ఒక జీపులో ఎక్కి పోయాడు. ఆ జీపు ఎవరిదో, అడిగి తీసుకున్నాడో లేదో మనకెందుకు.

రత్నమణి లోపలనుంచి పీట తెచ్చి, చీర కొంగుతో తుడిచి వేసి, మారు మాట లేకుండా లోపలికి పోయింది. వెంకటలక్ష్మమ్మ ఒక్క క్షణం ఆ పీట వైపు చూసింది. తర్వాత కూర్చుంది.

లేవి ఇంజను కింద పళ్లెం పెట్టి అడుగు మర విప్పాడు. నురగ నూనె బొళబొళ కారింది. అడుగున ఉన్న రేకుతొట్టి దింపి, బేరింగులు ఒక్కొక్కటే విప్పి, పాత గుడ్డతో తుడిచి వెలుతురుకు పెట్టి చూశాడు. ఈ పని రెండు గంటలు పట్టింది. ఆమె కదలలేదు. ఎండ రేకుల మీద కాలుతోంది, దోవన బస్సులు పోతున్నాయి. కోత కోస్తున్న కూలీలను గట్టు మీద కూర్చుని ఎట్లా చూస్తుందో, లేవి చేతులను అట్లా చూస్తూ కూర్చుంది.

"రెండే గీసుకున్న్యాయి," అన్నాడు లేవి చివరికి, తనలో తాను అనుకుంటున్నట్టు. "తక్కినవి బాగుండాయి. దేవుడు కాపాడినాడు. ఇంకో అయిదు మైళ్లు వచ్చింటే అన్నీ పోయేటివి."

"అయితే బాగవుతాదా?"

"అవుతాదమ్మా. మీరు తెలియక పోసినారు, దానికేం బాధపడొద్దు."

వెంకటలక్ష్మమ్మ తడిక వైపు ఒకసారి, దోవ వైపు ఒకసారి చూసింది.

"తెలియక కాదు లేవీ."

లేవి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"పెండ్లయి ఆ ఇంటికి వచ్చిన కాడినుంచి ఆముదం కాస్తాండా. ముప్పై అయిదేండ్లు. నీళ్లు ఇగిరినాయో లేదో వాసన చూసి చెప్తా నేను. కందెన ఇరుసుకే పెడతారని నాకు తెల్దా? నువ్వు వసారాలో మా ఓబుళయ్యకు చెప్తాంటే వాకిలి ఎనక నిలబడి విన్న్యా. నీళ్లు పడితే విషమన్న్యావు. ఆముదం కలపగూడదన్న్యావు. ఆఖరి కాపు కాయకముందే తీసి, చెంబు నిండా తెచ్చి పోసినా."

"ఎందుకమ్మా?" అన్నాడు లేవి. అడిగాక, అడగవలసింది కాదనిపించింది.

"వాళ్ల నాయన కథ నువ్వు విననిదా? ఈ చుట్టుపక్కల మొదట మోటారు కొన్న్యోళ్లలో ఆయనొకడు. నందికొట్కూరు దోవలో ఎంత జోరుగా తోల్తాడో చూడమని పొద్దున పోయినాడు. పొద్దున మోటారులో పోయినాయన్ను పొద్దుగూకే యాళకు ఎద్దులబండిలో తెచ్చినారు. అప్పుడు ఓబుళయ్యకు ఆరేండ్లు. వాడు మంచోడే. నేను కూచ్చోమంటే కూచ్చుంటాడు, సేద్యం చూడమంటే చూస్తాడు. ఈ ఒక్కటి మాత్రం నా మాట వినడు. వద్దని ఏడ్చినా. అన్నం మానుకున్న్యా. నవ్వి, చేతులు పట్టుకుని ముద్దలు పెట్టినాడు. ఇంకేం జెయ్యాల?"

"పందెంలో ఆ ఇంజను పట్టేసింటే, చక్రాలు బిగుసుకుని జోరు మీద బండి బోర్లా పడేది తల్లీ. ఆ ఆముదమే ఆయప్ప ప్రాణం తీసేది."

వెంకటలక్ష్మమ్మ ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. మోటారుకు విషం పెడితే మోటారు చస్తుందనుకుంది గానీ, దాని మీద కూర్చున్నవాడి మాట ఆమెకు తోచలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కారు వైపు చూసింది. ఈ పొద్దునే కొడుకు ఆ కారులో పది మైళ్లు వచ్చాడు. అది తలచుకుంటున్నదని లేవికి తెలుస్తూనే ఉంది. అనవసరంగా చెప్పానేమో అని ఆయనకే బాధ కలిగింది.

"నేను ఓబుళరెడ్డికి చెప్పనులేమ్మా. కందెన అనే అనుకోనీ," అన్నాడు.

"అది కాదు లేవీ నేను అడిగేది." ఆమె కొంచెం ముందుకు వంగింది. "వాడు నీ మాట వింటాడు. బండి కత నీకు తెలిసినంత ఎవరికీ తెల్దని నాతోనే ఎన్నోసార్లు అన్న్యాడు. ఒక్క మాట చెప్పు. పదకొండు దినాలకు కాదు అని చెప్పు. అంతే. ఏడాదికి మళ్లీ పందెం వస్తే అప్పుడు చూసుకుందాం. నేను ఇంతవరకూ ఎవరినీ ఏదీ అడిగినదాన్ని కాదు. నిన్ను అడుగుతాండా."

అడగడం తెలియని మనిషి అడిగితే వినడానికి కష్టంగా ఉంటుంది. లేవి తలవంచుకుని బేరింగును మళ్లీ మళ్లీ తుడిచాడు. అది ఎప్పుడో శుభ్రమైపోయింది.

*

ఓబుళరెడ్డి తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది.

"మద్రాసులో ఆ నూనె లేదంట. ఓడ రావాలంట, నెల పడతాదంట," అన్నాడు. "మిగిలిన సగం డబ్బా చాలదు గదా?"

"చాలదు."

ఓబుళరెడ్డి విప్పి పరిచిన ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి, లేవి ముందు గొంతుకూర్చున్నాడు. "చూడు లేవీ, నాకు అటూ ఇటూ తిప్పి చెప్పొద్దు. పదకొండు దినాల్లో ఈ బండి పందేనికి పోతాదా, పోదా? నువ్వు పోదంటే నేనిప్పుడే తంతి కొట్టించి పేరు తీసేయిస్తా. నీ మాటకు ఎదురు చెప్పను. అమ్మ ముందర చెప్తాండా."

ఇంతకంటే సులువైన అబద్ధం లేవి జన్మలో దొరకదు. మెకానిక్కు అబద్ధమాడితే కనిపెట్టేది ఇంకో మెకానిక్కే, అటువంటివాడు కర్నూలులో లేడు. ఒక తల్లి కడుపు చల్లబడుతుంది. పైగా అది పుణ్యమే అనేవాళ్లు కూడా ఉంటారు. అయితే లేవి పన్నెండేళ్ల పనిలో బాగయ్యే ఇంజనును బాగుకాదని ఒక్కసారైనా చెప్పలేదు. లారీవాళ్లతో కాసిన్ని అబద్ధాలు ఆడాడు, అవి వాయిదాల గురించి. ఇంజను గురించి కాదు. ఆ ఒక్క మాట మీదే ఆయన ఆ ఊళ్లో తలెత్తుకుని తిరుగుతున్నాడు. ఆ తల ఎత్తడానికి ఆయన వంటివాడికి ఎంత కష్టమైందో పీట మీద కూర్చున్న ఆమెకు తెలియకపోవచ్చు.

"పోతాది," అన్నాడు.

వెంకటలక్ష్మమ్మ కళ్లు మూసుకుంది.

"పోతాది గానీ, ఇప్పుడు నూనె మార్చాల. ఖనిజ నూనె లేదు కాబట్టి ఆముదమే దిక్కు. మొదట కిరసనాయిలుతో కడిగి, తర్వాత స్పిరిట్టుతో కడిగి, పాత నూనె తడి కూడా లేకుండా తుడుస్తా. అది నా పని. ఆముదం మాత్రం అంగడిది వద్దు. గానుగలో ఆడించింది తెచ్చి, నీళ్లలో కాచి మడ్డి తీసేసి, మళ్లీ ఒక్క బొట్టు నీళ్లు లేకుండా కాయాల. మాడగూడదు, పచ్చిగా ఉండగూడదు. అట్ల కాసే చెయ్యి ఈ జిల్లాలో అమ్మది ఒక్కటే." లేవి ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "అమ్మ కాసిస్తే పోస్తా. లేకుంటే పొయ్యను."

"అమ్మ కాస్తాదిలే!" అన్నాడు ఓబుళరెడ్డి. ముఖం వెలిగిపోయింది. "అంతేనా?"

"ఇంకొకటుండాది. బండి నేను తోల్తా."

ఓబుళరెడ్డి నవ్వాడు. లేవి నవ్వకపోవడం చూసి ఆపాడు.

"పందెం కాయితంలో నా పేరు ఉండాది గదప్పా."

"మార్చొచ్చు. రెండు బేరింగులు గీసుకున్నవే వాడుతాండాం. కొత్త నూనె. జోరు మీద పోతాంటే ఇంజను సద్దు ఒక్కరవ్వ మారితే నీకు వినబడదు రెడ్డీ, నాకు వినబడతాది. ఎప్పుడు కాలు తియ్యాల్నో నాకు తెలుస్తాది. నువ్వు తోలేటట్టయితే నేను ఇంజను బిగించను. ఇంకెవరి చేతనన్నా బిగించుకో."

అంత గట్టిగా లేవి ఆ కుటుంబంతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఓబుళరెడ్డికి కోపం రావాలి, రాలేదు. లేవి చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఉన్న నిజాల్లో పనికొచ్చేదాన్ని ఏరి చెప్పాడు, అంతే. ఓబుళరెడ్డి మెల్లగా తల్లి వైపు తిరిగాడు.

"లేవిని తోలమని నువ్వేమన్నా చెప్పినావా అమ్మా?"

"లేదు," అంది ఆమె. అదీ నిజమే.

ఇప్పుడు ఆమె ఒక్క మాట అనాలి. వద్దు లేవీ, నీకూ ఇల్లుంది, నీకూ ఆడపిల్లలు ఇద్దరు మిషన్ బడిలో చదువుకుంటున్నారు, నా కొడుకు ప్రాణానికి నీ ప్రాణం అడ్డం పెట్టొద్దు అని అనాలి. ఆ మాట ఆమె గొంతుదాకా వచ్చింది. వచ్చిందని ఆమెకూ తెలుసు. నోరు తెరిచింది.

"ఆముదం ఎల్లుండికి కాసి పంపిస్తా," అంది.

తన గొంతు తనకే వినబడి, వెంకటలక్ష్మమ్మకు సిగ్గేసింది. పీట మీదనుంచి లేచి, ఎవరి ముఖమూ చూడకుండా గూడుబండి వైపు నడవబోయింది.

అప్పుడు తడిక పక్కకు జరిగింది. రత్నమణి బయటికి వచ్చి, ఆమె దోవకు అడ్డంగా నిలబడింది. పొద్దున్నుంచి తడిక అవతలే ఉంది. అన్నీ విన్నది.

"అమ్మా, పెద్దోళ్లతో నేనెప్పుడూ ఎదురు మాట్లాడినదాన్ని కాదు. ఒక్కటి అడుగుతా, చెప్పి పోండి," అంది. "మీ కొడుకు పోగూడదని మీరు తెలిసే నీళ్ల ఆముదం పోసినారు. ఇప్పుడు నా మొగుడు పోతాండాడు. నేనేం పొయ్యాల?"

ఓబుళరెడ్డి తన తల్లి ముఖంలోకి చూశాడు.